కారు పైకప్పు బట్ట జారితే

కారు ఎక్కి కూర్చోండి. తల ఎత్తి పైకి చూడండి. పైన ఇనుప రేకు ఉంటుంది. కానీ ఆ రేకు మన కంటికి కనపడదు. దాని కింద ఒక బట్ట ఉంటుంది. ఈ బట్టను మేస్త్రీలు రూఫ్ లైనింగు అంటారు. మనం ఈ పాఠంలో పైకప్పు బట్ట అందాం.

ఈ బట్ట అందానికి మాత్రమే కాదు. ఎండకు రేకు కాలుతుంది. ఆ వేడి నేరుగా మన నెత్తి మీదికి దిగకుండా బట్ట కొంత ఆపుతుంది. వాన పడితే రేకు డప్పులా మోగుతుంది. ఆ మోతను బట్ట తగ్గిస్తుంది. లోపలి లైటుకు పోయే తీగలు కూడా దీని చాటునే ఉంటాయి.

కారు పాతబడితే ఈ బట్ట జారుతుంది. మొదట వెనక మూల బుడగలాగా ఉబ్బుతుంది. తర్వాత దోమతెరలాగా వేలాడుతుంది. కిటికీ అద్దం దించితే గాలికి పటపట కొట్టుకుంటుంది. వెనక కూర్చున్న వాళ్ల తల మీద పడుతుంది. వాళ్లకు అది చిరాకు. డ్రైవరుకు మాత్రం అది ప్రమాదం. వేలాడే బట్ట వెనక చూపే అద్దానికి అడ్డం వస్తుంది. వెనక లారీ వస్తున్నదో లేదో కనపడదు. మన జిల్లా మీదుగా 16వ నంబరు జాతీయ రహదారి పోతుంది. ఒకప్పుడు దాన్నే 5వ నంబరు రోడ్డు అనేవాళ్లం. మద్రాసు, కలకత్తా లారీలు ఆ దారినే నడుస్తాయి. ఆ రోడ్డు మీద వెనక చూడకుండా బండి పక్కకు తిప్పితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

ఉప్పు గాలి చేసే పని

మైపాడు, కృష్ణపట్నం, జువ్వలదిన్నె, రామాయపట్నం. ఇవన్నీ సముద్రం ఒడ్డు ఊళ్లు. ఇక్కడి గాలిలో ఉప్పు ఉంటుంది. ముసురు రోజుల్లో వంటింట్లో ఉప్పు జాడీ చూడండి. ఉప్పు చెమ్మగిల్లి నీరు కారుతూ ఉంటుంది. ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఆ ఉప్పే కారు రేకు మీద కూడా పేరుకుంటుంది. తేమను పట్టి ఉంచుతుంది. అందుకే ఒడ్డు ఊళ్లలో బండ్లు తొందరగా తుప్పు పడతాయి. రొయ్యల గుంటల మీద తిరిగే బండ్ల సంగతి చెప్పనక్కర్లేదు.

ఎండాకాలం ఇంకో బాధ. బయట ఎండ 40 డిగ్రీలు ఉందనుకోండి. అద్దాలు బిగించి ఎండలో నిలిపిన కారు లోపల 60 డిగ్రీలు దాటవచ్చు. పైకప్పు రేకు అంతకన్నా ఎక్కువ కాలుతుంది. అలాంటి కారులో పిల్లలను ఒక్క నిమిషం కూడా వదలకూడదు. ఇది పాఠానికి కొంచెం పక్క మాటే. అయినా ప్రాణం మాట కనుక చెప్పాము.

ఎండాకాలం కాలుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానలు. అప్పుడు నానుతుంది. ఏడాదికి ఏడాది ఇలా కాలి, నాని, కాలి, నాని పైకప్పు బట్ట పట్టు వదులుతుంది.

రెండు రకాల పైకప్పులు

పైకప్పు బట్టను కార్లలో రెండు విధాలుగా బిగిస్తారు. మన కారు ఏ రకమో ముందు తెలుసుకోవాలి. రకం తెలియకుండా పని మొదలుపెడితే డబ్బు దండగ.

మొదటిది కమ్మీల రకం. రేకు కింద అడ్డంగా సన్నని ఇనుప కమ్మీలు ఉంటాయి. బట్టకు వెనక వైపు సన్నని గొట్టాల్లాగా కుట్టి ఉంటుంది. లంగా నేఫాలో బొందు దూర్చినట్టు ఆ కుట్టులో కమ్మీలు దూరుస్తారు. బట్ట అంచులు మాత్రం చుట్టూ బంకతో అంటిస్తారు. పాత అంబాసిడరు కార్లలో ఎక్కువగా ఇదే రకం. అంబాసిడరు కారు 1957లో మొదలైంది. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో తయారయ్యేది. 2014లో తయారీ ఆగిపోయింది. అయినా ఆ కార్లు అక్కడక్కడా ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

కమ్మీల రకం జారితే కుట్టు విడిపోయి ఉంటుంది. లేదా కమ్మీ తుప్పు పట్టి ఉంటుంది. లేదా అంచుల బంక ఊడి ఉంటుంది. ఈ పని దర్జీ పని లాంటిది. పాత బట్టను చించి పారేయకూడదు. జాకెట్టు కుట్టించుకునేటప్పుడు ఆది జాకెట్టు ఇస్తాము కదా! పాత బట్టే ఇక్కడ ఆది. దాన్ని బట్టి కొత్తది కత్తిరించి కుడతారు. కమ్మీలు తీసేటప్పుడు ఒక్కో కమ్మీకి ఒక చీటీ కట్టండి. చీటీ మీద 1, 2, 3 అని వరసగా అంకెలు రాయండి. ఎందుకంటే కమ్మీలన్నీ ఒకే పొడవు ఉండవు. ఒకే వంపు ఉండవు. ఒకటి తారుమారైతే బట్ట ముడతలు పడుతుంది. తుప్పును ఉప్పు కాగితంతో గీకి, రెడ్ ఆక్సైడు పూసి, బాగా ఆరిన తర్వాతనే బట్టకు ఎక్కించండి. ఆరకముందే ఎక్కిస్తే బట్టకు ఎర్ర మరకలు పడతాయి.

రెండోది అట్ట రకం. తర్వాత వచ్చిన కార్లలో ఎక్కువగా ఇదే. కారు పైకప్పు ఆకారంలో గట్టి అట్ట ఒకటి ఉంటుంది. ఆ అట్టకు బట్ట అంటించి ఉంటుంది. బట్ట వెనక పలచని ఫోము పొర ఉంటుంది. ఫోము అంటే పరుపుల్లో ఉండే మెత్తని స్పాంజి లాంటిది. మనకు ఎక్కువ చిక్కు తెచ్చేది ఈ రకమే.

బంక తప్పు కాదు, ఫోము తప్పు

ఒడ్డు ఊరి డ్రైవరు ఒకాయన పాత కారు కొన్నాడు. పెళ్లిళ్లకు, ఆసుపత్రికి, రొట్టెల పండుగకు బాడుగకు తిప్పేవాడు. కొన్న ఏడాదికే పైకప్పు బట్ట జారింది. మొదట గుండుసూదులు గుచ్చాడు. ఒక పాప తలకు సూది గీసుకుంది. సూదులు తీసేశాడు. తర్వాత సైకిలు షాపులో బంక తెచ్చాడు. బట్ట అంచు ఎత్తి లోపలికి పూశాడు. అరచేత్తో నొక్కి పట్టాడు. అంటుకుంది. ఎనిమిది రోజులు బాగానే ఉంది. తొమ్మిదో రోజు బట్ట మళ్లీ ఊడింది. పైగా బంక ఇంకిన చోటల్లా నల్ల మరకలు పడ్డాయి.

ఆయన నెల్లూరులో సీట్లు కుట్టే మేస్త్రీ దగ్గరకు పోయాడు. వెంట భార్య కూడా వచ్చింది. ఆమె రాత్రి బడిలో చదువు నేర్చుకుంది.

"ఏంది మేస్త్రీ, మంచి బంకే పూసినా. ఎట్టా ఊడింది?" అన్నాడు డ్రైవరు.

మేస్త్రీ ఊడిన బట్టను తిప్పి చూపించాడు. వెనక వైపు పచ్చగా పొడి రాలుతోంది.

"ఇదిగో, చూడు అబ్బయ్యా. ఇది ఫోము. వేడికీ తేమకూ మాగి పొడైపోయింది. నువ్వు బంక పూసింది ఈ పొడికి. బంక పొడిని పట్టుకుంది. పొడి అట్టను పట్టుకోలేదు. సున్నం పెచ్చులు లేచిన గోడకు కాగితం అంటిస్తే నిలుస్తుందా?"

"అయితే పాత బట్ట పనికిరాదా?"

"పనికిరాదు. పాత బట్ట, పాత ఫోము మొత్తం గీకి తీసేయాల. ఫోము ఉన్న కొత్త బట్ట వేయాల. నడుమ దారి లేదు."

ఈ ముక్క బాగా గుర్తు పెట్టుకోండి. అట్ట రకంలో సాధారణంగా చెడేది బంక కాదు. నడుమ ఉన్న ఫోము. పైపైన బంక పూసి నూరు రూపాయలు మిగిలాయనుకుంటే, ఆ నూరూ పోతాయి. తర్వాత అసలు ఖర్చు తప్పదు.

డబ్బా మీద ఏముంది?

మేస్త్రీ బట్ట ఇచ్చాడు. బంక డబ్బా పక్క కొట్లో తెమ్మన్నాడు. డ్రైవరు తెచ్చాడు. భార్య డబ్బాను చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది.

"ఏమయ్యా, దీని మీద అంకెలు చూసినావా? ఇది తయారై రెండేళ్లు దాటింది."

మూత తీసి చూశారు. బంక ముద్దకట్టి ఉంది. ఆమె డబ్బా తీసుకుని కొట్టుకు పోయింది. కొట్టాయన మొదట ఒప్పుకోలేదు. "వాడినా ఏం కాదులేమ్మా" అన్నాడు. "ఏం కాకపోతే తేదీ ఎందుకు వేసినారు? ఈ డబ్బా మార్చండి. బిల్లు కూడా రాయండి" అన్నది ఆమె. కొట్టాయన మార్చి ఇచ్చాడు.

డబ్బా మీద అక్షరాలు ఇంగ్లీషులో ఉండవచ్చు. అంకెలు మాత్రం మనం చదవగలం. సీలు వేసి అమ్మే డబ్బాల మీద నాలుగైదు విషయాలు తప్పనిసరిగా ఉండాలని చట్టం చెబుతున్నది. తయారు చేసిన వారి పేరు, చిరునామా ఉండాలి. తయారైన నెల, సంవత్సరం ఉండాలి. లోపల ఎంత సరుకు ఉందో ఉండాలి. అన్ని పన్నులూ కలిపి గరిష్ఠ ధర ఉండాలి. ఆ ధర కన్నా ఎక్కువ అడిగితే ఇవ్వనక్కర్లేదు. 1992లో దూబగుంట ఆడవాళ్లు పాఠం చదివి, మాట్లాడుకుని సారా మీద తిరగబడ్డారు. అది పెద్ద సంగతి. ఇది చిన్న డబ్బా సంగతి. అయినా చదివేది అవే అక్షరాలు, అవే అంకెలు.

డబ్బా మీద ఒక బొమ్మ కూడా ఉంటుంది. మంట బొమ్మ. చదువు రానివాళ్లకు కూడా తెలియాలని ఆ బొమ్మ వేస్తారు.

అగ్గిపుల్ల గీయవద్దు

డ్రైవరు బీడీ తీశాడు. జేబులో అగ్గిపెట్టె వెతుకుతున్నాడు. మేస్త్రీ ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"అబ్బయ్యా! బంక మూత తీసుంది. బీడీ రోడ్డవతల పోయి కాల్చుకో."

మేస్త్రీ చెప్పింది నిజం. ఈ బంకలో రబ్బరును కరిగించడానికి ఘాటైన నూనెలు కలుపుతారు. మూత తీయగానే అవి ఆవిరైపోతూ ఉంటాయి. ఆ ఆవిరి కంటికి కనపడదు. గాలి కన్నా బరువు. పైకి పోదు. నేల మీద, కారు లోపల అడుగున పేరుకుంటుంది. దూరాన ఉన్న నిప్పు రవ్వ కూడా దానికి చాలు. గుప్పున అంటుకుంటుంది. దగ్గరలో పొయ్యి ఉండకూడదు. దేవుడి దీపం ఉండకూడదు. కారు లోపల లైటు స్విచ్చి కూడా వేయకూడదు. అందుకే పని మొదలుపెట్టకముందే బ్యాటరీ తీగ విప్పి పెట్టాలి.

ఆ ఆవిరి పీలిస్తే తల తిరుగుతుంది. వాంతి వస్తుంది. మత్తు కమ్ముతుంది. తలుపులు మూసిన కారులో కూర్చుని బంక పూయడం ప్రాణం మీదికి తెస్తుంది. గాలికి ఇసుక పడుతుందని కొందరు తలుపులు మూస్తారు. అలా చేయకండి. అట్టను బయటకు తీసి, పంచలోనో చెట్టు కిందో పెట్టి పని చేయండి. గర్భిణులను, పిల్లలను దగ్గరికి రానీయకండి. కొందరు పిల్లలు ఈ బంక వాసనకు అలవాటు పడతారు. అది సారా కన్నా చెడ్డది. పని కాగానే డబ్బా మూత బిగించి, పిల్లలకు అందని చోట పెట్టండి.

పని చేసే తీరు

ముందుగా ఎండ అడ్డు పలకలు, పట్టుకునే పిడులు, లోపలి లైటు విప్పాలి. స్క్రూలన్నీ ఒక డబ్బాలో వేయాలి. తలుపుల చుట్టూ ఉన్న రబ్బరు బీడింగు మెల్లగా లాగాలి. ఇద్దరు మనుషులు రెండు వైపులా పట్టుకుని అట్టను కిందికి దించాలి. సీట్లు పూర్తిగా వెనక్కి వాల్చి, వీలున్న తలుపు నుంచి బయటకు తీయాలి. అట్టను మడవకూడదు. మడత పడితే ఆ గీత కొత్త బట్టలో కూడా కనపడుతుంది.

అట్ట బయట ఉన్నప్పుడే ఇంకో పని చేయండి. దీన్ని చాలామంది మరిచిపోతారు. ఒకరు టార్చిలైటు పట్టుకుని కారు లోపల కూర్చోండి. ఇంకొకరు పైకప్పు మీద బిందెతో నీళ్లు పోయండి. ఎక్కడైనా నీటి చుక్క దిగితే అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టండి. ముందు అద్దం రబ్బరు దగ్గర, సామాన్ల కారియరు బిగించిన చోట చూడండి. కారే కారుకు కొత్త బట్ట వేస్తే తొలి ముసురుకే నానిపోతుంది. చిల్లి మూసి, తుప్పు గీకి, రెడ్ ఆక్సైడు పూసిన తర్వాతనే బట్ట మాట.

ఇక అట్ట పని. పాత బట్టను ఒక మూల నుంచి లాగితే వచ్చేస్తుంది. ఫోము పొడి అట్టకు అంటుకుని ఉంటుంది. ముక్కుకు గుడ్డ కట్టుకోండి. మెత్తని బ్రష్షుతో పొడి మొత్తం దులపండి. ఇనుప బ్రష్షు వాడితే అట్ట చిరుగుతుంది. అరచేత్తో రాసి చూడండి. చేతికి పొడి అంటుతున్నంతసేపూ దులపండి. మేస్త్రీలు తొందరపడేది ఇక్కడే. పొడి మిగిలిందంటే కథ మళ్లీ మొదటికి వస్తుంది. అట్ట ఎక్కడైనా పగిలి ఉంటే వెనక వైపు గుడ్డ పట్టీ అంటించండి.

కొత్త బట్టను అట్ట మీద పరచండి. చుట్టూ మూడేసి అంగుళాలు మిగలాలి. బట్టను సగం వరకు వెనక్కి మడవండి. ఇప్పుడు అట్టకు, బట్ట వెనక ఫోముకు, రెండింటికీ బంక పలచగా పూయండి. ఎక్కువ పూస్తే బంక బట్టలోకి ఇంకి మరక పడుతుంది. పూయగానే అంటించకూడదు. డబ్బా మీద చెప్పినంతసేపు ఆగాలి. వేలు పెట్టి చూస్తే జిగురుగా ఉండాలి. వేలికి బంక అంటకూడదు. అప్పుడు నడుమ నుంచి అంచుల వైపు అరచేత్తో రాస్తూ బట్టను పరుచుకుంటూ పోవాలి. ఈ బంక ఒకసారి పట్టిందంటే జరపడానికి వీలుండదు. అందుకే సగం సగం చేయడం. గుంటలున్న చోట బట్టను లాగి పట్టకండి. గుంటలోకి వేలితో నొక్కండి. లాగి అంటిస్తే కొన్నాళ్లకు అక్కడే లేస్తుంది.

రెండో సగం కూడా ఇలాగే చేయండి. ఒక రాత్రి నీడలో ఆరనివ్వండి. మరునాడు అంచులు వెనక్కి మడిచి అంటించండి. లైటుకు, పలకలకు రంధ్రాలు కోయండి. విప్పిన వరసకు తిరగవరసలో అన్నీ బిగించండి. ముసురు పట్టిన రోజున ఈ పని పెట్టుకోకండి. గాలిలో చెమ్మ ఉంటే బంక సరిగా పట్టదు.

ఒక హెచ్చరిక. ఈమధ్య వచ్చిన కొన్ని కార్లలో పైకప్పు అంచుల్లో గాలి సంచులు ఉంటాయి. కారు గుద్దుకుంటే అవి క్షణంలో ఉబ్బి మన తలను కాపాడతాయి. అలాంటి కారు పైకప్పును మనం విప్పకూడదు. సంచి ఉన్నట్టుండి పేలవచ్చు. లేదా అవసరానికి తెరుచుకోకపోవచ్చు. పని తెలిసిన వర్క్‌షాపుకే పోవాలి.

బిల్లు చదవండి

పని అయింది. మేస్త్రీ దగ్గర కుర్రవాడు బిల్లు రాశాడు. ఈ అంకెలు లెక్క నేర్చుకోవడానికే. ధరలు ఊరిని బట్టి మారతాయి.

బట్ట 2 గజాలు, గజం 400 రూపాయల చొప్పున: 800
రెడ్ ఆక్సైడు, ఉప్పు కాగితం: 150
కూలి: 1,200
మొత్తం: 2,350

డ్రైవరు డబ్బు తీయబోయాడు. భార్య వేళ్ల మీద కూడింది. "అన్నా, ఇంకోసారి కూడి చూడండి" అన్నది. కుర్రవాడు మళ్లీ కూడాడు. నాలుక కరుచుకున్నాడు. మేస్త్రీ బిల్లు దిద్ది ఇచ్చాడు.

బిల్లు అడగడం మన హక్కు. సరుకు అమ్మి గానీ, పని చేసి గానీ బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పు. మోసం జరిగితే 1915 నంబరుకు ఫోను చేసి చెప్పవచ్చు. బిల్లు చేతిలో ఉంటేనే మన మాటకు బలం.

మీరు చేయండి

1. పై బిల్లులో తప్పు ఎన్ని రూపాయలు? సరైన మొత్తం రాయండి.

2. ఒక కారు అట్ట పొడవు 66 అంగుళాలు. వెడల్పు 48 అంగుళాలు. టేపును అట్ట వంపు మీద ఆనించి కొలిచారు. నాలుగు వైపులా 3 అంగుళాలు ఎక్కువ కావాలి. అయితే బట్ట పొడవు ఎంత? వెడల్పు ఎంత? గజానికి 36 అంగుళాలు. కొట్లో బట్ట పన్నా 54 అంగుళాలు ఉంది. ఎన్ని గజాలు కొనాలి?

3. సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏళ్లు చెల్లుతుంది. తర్వాత అయిదేళ్లకు ఒకసారి మళ్లీ చేయించాలి. 2014లో రిజిస్టరైన అంబాసిడరు కారుకు మొదటి గడువు ఏ సంవత్సరంలో తీరుతుంది?

4. మీ ఇంట్లో ఉన్న ఏదైనా ఒక డబ్బా తీసుకోండి. తయారైన నెల, సంవత్సరం, బరువు, ధర వెతికి పలక మీద రాయండి. మంట బొమ్మ ఉందేమో చూడండి. ఉంటే ఆ డబ్బాను పొయ్యి దగ్గర నుంచి తీసి వేరే చోట పెట్టండి.